దిగని భుజం

పంతొమ్మిదివందల అరవైల్లో పులికాట్ సరస్సులో చేపలు పట్టేవాణ్ణి. చిన్నప్పటి నుంచీ కుడివైపే తెడ్డు వేయడంతో ఆ భుజం ఎత్తుగా పెరిగిపోయింది. ఆడపెళ్లివారు అడిగారని గూడూరులో ఫోటోకి కూర్చున్నాను.

“కుడి భుజం కాస్త దించన్నా,” అన్నాడు ఫోటోగ్రాఫరు.

“దించే ఉండానబ్బా!” అన్నాను. స్టూడియోలో అందరూ నవ్వారు.

ఫోటో చూసిన పెళ్లివారు, “గూనోడికి మా పిల్లనియ్యం,” అని కబురు పెట్టారు.

ఊళ్లో డ్రిల్లు మాస్టారు చెప్పారని, ఏడాదిపాటు వేట నుంచి రాగానే ఎడమచేత్తో ఇసుక బిందె ఎత్తాను. ఎడమ భుజం పెరిగింది. తెడ్డు మానలేదు కనుక కుడిదీ పెరిగింది. విసిగి బిందె వదిలేశాను.

మొన్న మనవరాలి పెళ్లిలో ఫోటోగ్రాఫరు నన్ను ఏదీ దించమనలేదు. తెడ్డు మానేసి పదేళ్లయింది. రెండు భుజాలూ సమానంగా ఎండిపోయాయి.