మడత విప్పని పేపరు

కాలువల డివిజన్ ఆఫీసులో ఇస్రాయేలు అటెండరు. పొద్దున ఏడున్నరకల్లా బస్టాండు ఏజెంటు దగ్గర ఆరు పేపర్లు తీసుకుని, సార్ల బల్లల మీద ఒక్కొక్కటి పెట్టడం ఇరవై రెండేళ్లుగా అతని మొదటి పని. దానికో పద్ధతి ఉంది. మడత విప్పకూడదు. ఏ సార్ పేపరు ఆ సార్ చేతిలోనే మొదటిసారి విచ్చుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తమ్ముడు బెంజమిన్ పదో తరగతి ఫలితాలు చూద్దామని ఇస్రాయేలు ఒకటి విప్పాడు. అప్పటి పెద్ద సార్ దాని అంచును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఎంగిలి పేపర్ నాకు పెడుతున్నవా?" అన్నాడు. ఆ మాట ఎవరిని అంటే ఎక్కడ గుచ్చుకుంటుందో ఆ సార్‌కు తెలియక కాదు. ఇస్రాయేలు ఆ తర్వాత ఏ పేపరూ విప్పలేదు.

ఆ సార్ రిటైరయ్యాడు. ఇప్పటి సార్లకు లోకమంతా ఫోన్లోనే కనిపిస్తుంది. అయినా సర్కారు సొమ్ముతో ఆరు పేపర్లు రావడం మాత్రం ఆగలేదు. పొద్దున పెట్టినవి సాయంత్రం అదే మడతతో బీరువా వెనక్కి చేరతాయి. ఒకటో రెండో టిఫిన్ డబ్బాల కింద పరుచుకుంటారు. ఉద్యోగులు రోజూ పేపరు చదివి నాలుగు సంగతులు తెలుసుకోవాలని ఏ మహానుభావుడు ఉత్తర్వు రాశాడో గాని, ఆ ఆఫీసులో చదవాలన్న ఆశ ఉన్నది ఒక్క ఇస్రాయేలుకే. అతనికే ఆ పని నిషిద్ధం.

ఇస్రాయేలు సొంతూరు కొత్తబావి, టౌనుకు నలభై కిలోమీటర్లు. అక్కడ అతని బాపు కాలంలో సర్కారు ఇచ్చిన రెండెకరాల రాళ్ల చెలక ఉండేది. ఇస్రాయేలూ, భార్య జానమ్మా ఆ రాళ్లన్నీ ఏరి, బోరు వేయించి, తొమ్మిదేళ్ల కింద బత్తాయి పెట్టారు. టౌనులో కిరాయి ఇంట్లో ఉన్నా, ఆదివారం ప్రార్థన కాగానే ఇద్దరూ తోటలోనే. కొత్త కాలువ ఆ చెలక మీదుగా పోతుందని తెలిసినప్పుడు జానమ్మ వారం రోజులు సరిగ్గా తిండి తినలేదు. భూమి ఎట్లాగూ పోతుంది, చెట్లకు కూడా పరిహారం వస్తే ఇంకోచోట ఎకరమన్నా కొనుక్కుందామని ఇస్రాయేలు నచ్చజెప్పాడు. సర్వేవాళ్లు రోడ్డు మీదనే నిలబడి ఏదో రాసుకుని పోయారు. ఇక నోటీసు ఇంటికి వస్తుందని అతను కాచుకుని కూర్చున్నాడు.

ఏప్రిల్లో పక్క చెలక అంజన్న టౌనుకొచ్చి, ఆఫీసు గేటు దగ్గర కలిశాడు.

"మొన్న సర్వేవాళ్లు మళ్ల వచ్చి నా చెట్లు రాసుకపోయిన్రు. నీయి ఎన్ని రాసిన్రు?"

"గదెప్పుడు?"

"పేపర్ల పడ్డది గదా. మన భూములన్ని పడావని, సాగే లేదని రాసిన్రట. తప్పుంటే అరవై రోజుల్ల అర్జీ పెట్టుకొమ్మన్నరు. హోటల్ల చదువుతుంటే విని నేను పెట్టుకున్న."

"నాకో మాట చెప్పకపోతివి అంజన్నా."

"పొద్దున లేస్తే పేపర్లల్లనే ఉంటవు గదా నువ్వు. మాకన్న ముందే తెల్సుంటదనుకున్న."

అంజన్నకు అక్షరం ముక్క రాదు. కొత్తబావి హోటల్లో ఒక్క పేపరు నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లో ఉంటుంది. చాయ్ మరకలు పడ్డా ఎవరూ ఎంగిలి అనరు.

ఇస్రాయేలు బీరువా వెనక వెతికాడు. ఆ ప్రకటన పడ్డ రోజు పేపర్లు దొరికాయి, ఆరుకు ఆరూ మడత విప్పనివే. పదకొండో పేజీలో బాపు పేరు, సర్వే నంబరు ఉన్నాయి. వాటి ఎదుట "పడావు భూమి. చెట్లు లేవు" అని ఉంది. గడువు దాటి ఎనిమిది రోజులైంది. తన తోట సంగతి పొద్దంతా సార్ బల్ల మీదే ఉంటే, దాని మీది దుమ్ము తనే దులిపాడు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక తన మీదే వచ్చింది.

ప్రకటన సంగతి తనకు తెలియలేదని భూసేకరణ ఆఫీసుకు అర్జీ పెట్టాడు. వాళ్లు అతని ఆఫీసును వివరం అడిగారు. నెల తర్వాత భూసేకరణ ఆఫీసు నుంచి అతనికి జవాబు వచ్చింది. "అర్జీదారు పనిచేయు కార్యాలయమునకు సదరు దినపత్రిక సిబ్బంది పఠనార్థము ప్రభుత్వ ఖర్చుతో ప్రతిదినము వచ్చుచున్నది. కావున ప్రకటన తెలియదనుట నమ్మదగినది కాదు." కింద పేపరు బిల్లు నకలు జతచేసి ఉంది.

ఆ వివరం రాసి పంపింది సూపరింటెండెంటు మంజులత. ఇస్రాయేలు ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"నేను ఎన్నడు చదవలేదు మేడం. మీరు చూస్తనే ఉన్నరు."

"నాకు తెల్వదా ఇస్రాయేలూ? బిల్లు మీద సిబ్బంది కోసమనే ఉంటది. సార్ల కోసమే అని రాస్తే రేపు ఆడిట్ల అందరం ఇరుక్కుంటం. పోనీ నువ్వు సిబ్బంది కాదని రాయాల్నా?"

ఆమె చెడ్డ మనిషి కాదు. జానమ్మకు జ్వరమొచ్చినప్పుడు తన కార్లో దవాఖానకు పంపిన మనిషి. ఇస్రాయేలు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి కాగితం చదివి వినిపించాడు. జానమ్మ రెండోసారి చదివించుకుంది.

"ఇన్నేండ్లు ఆ పేపర్లు నీకోసమే కొన్నరా అయ్యా?" అంది.

"కాగితం మీద నాకోసమే," అన్నాడు ఇస్రాయేలు.

వానలకు ముందే జేసీబీ వచ్చింది. చెట్లు లేవని రాసిన ఆ భూమిలో చెట్లు పీకడానికి దానికి రెండు రోజులు పట్టింది.