నాగమణికి రాని మాట

ఆగిరిపల్లి దాటాక మామిడితోటల మధ్య ఉన్న కాన్వెంటులో నాగమణి పద్నాలుగేళ్లుగా పాలు పితుకుతోంది. అక్కడి పెద్ద సిస్టరమ్మ పిలార్ గారిది స్పెయిన్ దేశం. ఆవిడకి పశువులంటే ప్రాణం. నాగమణి పనిలో చేరిన రోజే ఆవు వీపు తట్టి “వాకా” అంది, మేకని చూపించి “కాబ్రా” అంది. కోడిపెట్ట “గయీనా”, గుమ్మంలో ఈనిన కుక్క “పెర్రా”. పాలకీ గుడ్లకీ పెంచేవే గనక కొట్టంలో మగది ఒక్కటీ లేదు, నాగమణికి మగవాటి పేర్లు రానూలేదు. అయితేనేం, ఊళ్లో ఆడాళ్ల దగ్గర “నాకు స్పెయినోళ్ల భాష వచ్చే!” అని ఒకటే గొప్పలు.

ఎనభై నాలుగు వేసవి. తోటల్లో కాయ కోస్తున్నారు, ఎండ నిప్పులు చెరుగుతోంది. సిస్టరమ్మకి పొద్దున్నే పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఇరవయ్యేళ్లు మాట్లాడిన తెలుగు కూడా పోయింది, సొంత భాష ముక్కలే మిగిలాయి. తోడున్న కేరళ సిస్టరు డాక్టరు కోసం బెజవాడ పరిగెత్తింది. దగ్గర నాగమణి ఒక్కతే.

పక్షవాతం మనిషికి చన్నీళ్లు తగిలితే రెండోపక్క కూడా పడిపోతుందని వాళ్ల పేటలో అంటారు. ఏం నమ్మకమో, పాడు నమ్మకం! మంచం పక్కనున్న కూజా తీసి వసారాలో పెట్టేసింది. వేడిపాలు చెంచాతో పట్టబోయింది. సిస్టరమ్మ మొహం తిప్పేసుకుని, ఎడంచెయ్యి వసారా వైపు చాచి “ఆగ్వా” అంది.

వసారా అవతలే కొట్టం. ఆ భాషలో నాగమణికి తెలిసినవన్నీ పశువులే, అన్నీ ఇలా ‘ఆ’తో ముగిసే పేర్లే మరి! ఆఖరిచూపు చూసుకోవాలనుందేమో అనుకుని, ఆవుని తోలుకొచ్చి కిటికీ దగ్గర నిలబెట్టింది.

“ఇదిగోనమ్మా, వాకా!”

“ఆగ్వా.”

మేకని లాక్కొచ్చింది. పెట్టని చంకలో పెట్టుకొచ్చింది. కుక్కని మంచం దాకా తెచ్చింది.

“ఇంకేది కావాలమ్మా? మీ కాళ్లు పట్టుకుంటాను, నాకొచ్చిన పేరు చెప్పండమ్మా!” అని బావురుమంది.

సిస్టరమ్మ కంట్లోంచీ నీళ్లు కారాయి. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

సాయంత్రం డాక్టరుతోపాటు బెజవాడ నుంచి ఇంకో సిస్టరమ్మ వచ్చింది, ఆవిడదీ స్పెయినే. నాగమణి ఆవిడ కొంగు దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది.

“ఆగ్వా అంటే ఏ జంతువండీ? ఎక్కడున్నా తెచ్చేదాన్నండీ.”

ఆవిడ “నీళ్లమ్మా,” అంది.

నాగమణి చూపు వసారాలోని కూజా మీద పడింది.

“నన్నే అడిగిందండీ. పొద్దుటినించీ నన్నే అడిగింది. నేను... కుక్కని తెచ్చి చూపించానండీ.”