మైకు ప్రసాదం ఒంటి మీద మా మొక్కులు

మైకు ప్రసాదం కళ్ళు తెరిచి మొదట అడిగింది నీళ్ళు కాదు, అద్దం. నుదురు చిమచిమలాడుతోందన్నాడు. ఆసుపత్రి నర్సమ్మ తన ఫోను తిప్పి ఆయన ముఖం ఆయనకే చూపించింది. నుదుటి మీద మూడు వేళ్ళ విభూతి. కట్టు అంచున జుట్టంతా నూనె. కుడి రెట్టకు నల్లదారంతో తాయెత్తు.

“ఎవరు చేసినారు ఇది?” అన్నాడు.

మంచం చుట్టూ ఉన్న ఆడవాళ్ళం ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. విభూతి పెట్టింది నేను. మూడు రోజుల కిందట, నర్సు అటు తిరిగినప్పుడు గబుక్కున పెట్టి వచ్చాను. అప్పుడు నూనె లేదు, తాయెత్తూ లేదు. అంటే నా తరువాత లోపలికి పోయిన ఇద్దరూ నా విభూతి చూసి కూడా నోరు మూసుకుని, ఎవరి పని వాళ్ళు చేసుకుని వచ్చారన్నమాట! గిద్దలూరులో మా వీధిలో నాకు తెలియకుండా పాలు కూడా పొంగవు. అటువంటిది నా కళ్ళ ముందే ఇంత జరిగింది.

ప్రసాదం అసలు పేరు వరప్రసాదం. మా కిరాణా దుకాణానికి ఎదురుగా ఆయన మైకుసెట్టు కొట్టు ఉంది. ముప్పై ఏళ్ళుగా శ్రీరామనవమి పందిరికీ, దర్గా ఉరుసుకూ, చర్చి కూడికలకూ హారన్లు కట్టేది ఆయనే. దేవుడు లేడంటాడు. ఎవరితోనూ వాదించడు. అడిగితే మాత్రం దాచడు. అడగకుండా ఉండే రకం నేను కాదు గదా! ఒకసారి గుడి మెట్ల దగ్గర పట్టుకున్నాను.

“నమ్మనోడివి, చెప్పులెందుకు విడిచినావు?”

“నేను నమ్మకపోతే ఏందక్కా, మీరు నమ్ముతారు గదా.”

మసీదు బాంగు వేళకు భజన మైకు తనే తగ్గించేవాడు. ఎవరూ చెప్పలేదు. రంజాన్ నెలలో పగటి పూట టీ గ్లాసు పట్టుకుని కొట్టు లోపలికి పోయేవాడు. తీర్థం ఇస్తే “వద్దక్కా” అని నవ్వేవాడు, అంతే. పెళ్ళి చేసుకోలేదు. రాచర్లలో చెల్లెలు అన్నమ్మ ఉంది. ఆమె ఆదివారం చర్చి మానదు. చెల్లెలు వచ్చిన శనివారాల్లో ఆమె తెల్లచీరకు ఇస్త్రీ చేసిపెట్టేది ఈ నాస్తికుడే. ఇది నేను కళ్ళారా చూశాను.

ఈసారి ఉరుసుకు హారను కడుతూ నిచ్చెన మీద నుంచి పడ్డాడు. తలకు దెబ్బ, తుంటి ఎముక విరిగింది. ఒంగోలులో ఒక ఆసుపత్రికి తెచ్చాం. అన్నమ్మ, పక్క గాజుల దుకాణం ఫాతిమాబీ, నేను వంతులేసుకుని గది బయట కాపలా ఉన్నాం. మూడు రోజులు తెలివి లేదు, తలా ఒక్కసారే లోపలికి పోనిచ్చారు. ఆ మూడు రోజుల్లో జరిగిన నిర్వాకం ఇది.

ఆయన అడిగిన దానికి జవాబు చెప్పడం మానేసి మేం పోట్లాటకు దిగాం.

“నేను తాయెత్తు కట్టినంకనే గదా కళ్ళు తెరిచినాడు,” అంది ఫాతిమాబీ.

“మా చర్చి అభిషేక తైలం రాసింది నిన్న పొద్దున. అప్పుడే వేలు కదిలించినాడు,” అంది అన్నమ్మ.

“అందరికంటే ముందు పెట్టింది నేనమ్మా, వరస తప్పించొద్దు,” అన్నాను నేను.

ప్రసాదం కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ముగ్గురం టక్కున ఆగిపోయాం. సొంత తమ్ముడు చచ్చిపోయిన నాడు కూడా ఆయన ఏడవడం చూడలేదు నేను.

“అక్కా, నీ గుడిలోకి ఎన్నడన్నా చెప్పులతో వచ్చినానా? ఫాతిమమ్మా, మీ బాంగు మీద ఎన్నడన్నా పాట పెట్టినానా? అన్నమ్మా, ప్రార్థన చేసుకోవద్దని ఒక్కనాడన్నా నిన్ను అంటినా? మీరు మెలకువగా ఉన్నప్పుడే మిమ్మల్ని మార్చాలని నేను చూడలేదు. మీరు నాకు తెలివి లేనప్పుడు చూసి నా ఒళ్ళు పట్టుకున్నారు.”

ఫాతిమాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకైతే చెంప మీద కొట్టినట్టయింది. ఆయన ప్రాణం కోసం చేశామే గానీ ఆయనకు ఇష్టమా అని ఒక్క క్షణమన్నా ఆలోచించామా? ఆయన సరేనంటాడని అనుకోబట్టి కాదు, అనడని తెలిసే దొంగచాటుగా చేశాం.

అంతలో డాక్టరు వచ్చాడు. రేపు తుంటికి ఆపరేషను, మత్తు ఇస్తామన్నాడు. కాగితం ముందు పెట్టాడు. ప్రసాదం పెన్ను పక్కన పెట్టేశాడు.

“చెయ్యను సంతకం.”

“చెయ్యకపోతే ఇక మంచం దిగలేరు,” అన్నాడు డాక్టరు.

“మళ్ళీ మత్తులో పండుకుంటే లేచేటప్పటికి నన్ను ఎవరిలాగా తయారు చేసి పెడతారో! వద్దు సార్.”

అన్నమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. మా వల్ల ఒక మనిషి జన్మంతా మంచాన పడబోతున్నాడు. దగ్గరికి పోయి, “ఏం చేస్తే పెడతావురా సంతకం?” అన్నాను.

నావైపు తల తిప్పాడు. “నువ్వు తలుపు దగ్గర కూర్చో అక్కా. ఎవరొచ్చేది, ఎవరు పొయ్యేది, నీకంటే బాగా కనిపెట్టేవాళ్ళు ఈ జిల్లాలోనే లేరు. నాకు తెలివొచ్చేదాకా నా ఒంటి మీద ఎవరినీ ఏమీ పెట్టనియ్యొద్దు. నువ్వు గూడా.”

“ఒట్టు,” అన్నాను.

“ఒట్టు దేవుడి మీద పెడతావు. నాకు నీ మాట చాలు.”

సంతకం పెట్టాడు.

మరునాడు ఆపరేషను అయ్యాక పక్క గదిలో పడుకోబెట్టారు. తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకున్నాను. మధ్యాహ్నం మా కోడలు హరిత బస్సు దిగి వచ్చింది. చేతిలో నెమలిగుండం రంగనాయకస్వామి కుంకుమ పొట్లం.

“కొంచెం నుదుట పెట్టి వస్తా, తప్పుకో అత్తా.”

“పెట్టేది లేదు.”

“ఏందత్తా, నువ్వేనా ఈ మాట అనేది! స్వామి కుంకుమను ఆపుతావా?”

నేనే! అరవై ఆరేళ్ళు వచ్చినా శనివారం ఒంటిపొద్దు విడవని దాన్ని, చేయి అడ్డం పెట్టి స్వామి కుంకుమను ఆపాను. ఆయనకేమన్నా అయితే ఈ పాపం నాదేగదా అనిపించింది. అయినా కుర్చీ దిగలేదు. “మాట ఇచ్చినానే. నువ్వు పెట్టుకో, నాకు పెట్టు. లోపలికి మాత్రం పోవద్దు,” అన్నాను. కోడలు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, నా నుదుట పెట్టి పోయింది.

సాయంత్రం ఫాతిమాబీ బెంచీ మీద కూర్చుని తల మీద కొంగు లాక్కుని చేతులు చాచింది. “ఇది ఆస్పత్రి బెంచీ గదా అక్కా, ఆయన ఒళ్ళు కాదు గదా?” అని నన్నే అడిగింది. కాదన్నాను. అన్నమ్మ ఆమె పక్కనే కళ్ళు మూసుకుంది. నేనూ కుర్చీలోంచే మొక్కుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు కదిలాడు. లోపలికి పోయాం.

“ఎవరొచ్చినారు?”

చెప్పాను. కుంకుమ సంగతీ చెప్పాను. బెంచీ మీద ముగ్గురం మొక్కుకున్నామని కూడా చెప్పాను, అబద్ధమెందుకు?

“సౌండు లోపలికి రాలేదక్కా,” అన్నాడు. నీరసంలోనూ నవ్వాడు.

అన్నమ్మ మంచం పక్కన నిలబడి చీర చెంగు మెలి పెడుతోంది. “అన్నా, ఒకటి అడగనా? నీ చెయ్యి పట్టుకొని ఒక్క ప్రార్థన చేసుకుంటా. వద్దంటే బయటకు పోతా.”

నాకు తెలిసి వాళ్ళ జన్మలో ఆమె అడగడం అదే మొదలు.

“పట్టుకో. నేను కళ్ళు మూసుకోను మరి.”

“మూసుకోవద్దులే.”

అన్నమ్మ రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. ప్రసాదం ఫ్యాను వైపు చూస్తూ, చెయ్యి లాక్కోకుండా, ఆమె ఆమెన్ అనేదాకా కదలకుండా పడుకున్నాడు.