తిరగని మీటరు

నేను ఇంట్లో ఉండగానే మా వాచ్‌మన్ నా ఫ్లాటుకు నీళ్ళు ఆపేశాడు. పాపం, అతనికి నా మీద కోపమేమీ లేదు. ఇంట్లో ఎవరూ లేరనుకున్నాడట. మొన్నటి ఎండాకాలం సంగతి ఇది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారు.

తార్నాకలో మా అపార్ట్‌మెంటు పాతది. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినన్నాళ్ళూ క్యాంపస్ క్వార్టర్లోనే ఉన్నాను. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో అక్కా నేనూ ఈ రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాం. అక్క చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చేసింది. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే కథ, అందులో పెద్ద రసమేమీ లేదు. అక్క మెట్టుగూడలో ఒక బళ్ళో లెక్కల టీచరు. క్లాసులో పిల్లల్ని ఎలా దడిపించేదో ఇంట్లో నన్నూ అలాగే దడిపించేది.

నీళ్ళ పొదుపు అక్క పెట్టిన చట్టం. క్వార్టర్లో పొద్దున ఒక్క గంట వచ్చేవి నీళ్ళు. ఆ గంటలో బిందెలు, బకెట్లు, చివరికి పులుసు గిన్నెలు కూడా నింపి పెట్టుకునేవాళ్ళం. తార్నాక వచ్చాక రోజంతా కుళాయి వస్తున్నా ఆ అలవాటు పోలేదు. బియ్యం కడిగిన నీళ్ళు బాల్కనీలో కరివేపాకు మొక్కకు. ఫిల్టరు బయటికి వదిలే నీళ్ళు గిన్నెలు తోమడానికి. బట్టలు జాడించిన నీళ్ళు బాత్రూం కడగడానికి. స్నానానికి ఒక బకెట్, తలంటుకున్న రోజు ఇంకో అర బకెట్. నేను పొరపాటున షవర్ తిప్పానా, తలుపు మీద దబదబా బాదేది.

"ఏమే, కృష్ణలో మునుగుతున్నావా? కట్టెయ్!"

"ఇప్పుడేగా అక్కా తిప్పింది!"

"నాకు వినపడుతూనే ఉంది. చాల్లే, బయటికి రా."

అబ్బ, ఏం చెవులమ్మా అవి! వంటింట్లో పోపు చిటపటలాడుతున్నా సరే, బాత్రూంలో నీళ్ళ చప్పుడు పట్టేసేది. "లోకంలో అందరూ డబ్బును నీళ్ళలా ఖర్చు పెడతారు, మనం నీళ్ళను డబ్బులా ఖర్చు పెట్టాలి" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

అప్పట్లో మా అపార్ట్‌మెంటులో నీళ్ళ బిల్లు, ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు అందరికీ సమానంగా పంచేవారు. ఒక మీటింగులో అక్క లేచి నిలబడింది. "మేం ఇద్దరు ఆడవాళ్ళం, కొలుచుకుని పోసుకుంటాం. రోజూ పైపు పెట్టి కార్లు కడిగేవాళ్ళతో సమానంగా మేమెందుకు కట్టాలి?" అంది. సెక్రటరీ తల పట్టుకుని, "ఆంటీ, గివన్ని లెక్కలేసుకుంట కూసుంటే అయితదా?" అన్నాడు. "లెక్కలు నాకు వదిలెయ్యి నాయనా" అంది అక్క. ఊరుకోలేదు మనిషి. పట్టిన పట్టు విడవకుండా తిరిగి తిరిగి, చివరికి డాబా మీద ఒక్కో ఫ్లాటుకు ఒక్కో మీటరు పెట్టించింది. మొదటి బిల్లులో అందరికంటే తక్కువ మాది. ఆ సాయంత్రం జిలేబీ కొనుక్కొచ్చి, ఆ చీటీని దేవుడి వాక్యం చదివినట్టు రెండుసార్లు చదివింది.

ఆ తర్వాతి వానాకాలం అక్క పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం.

ఒక్కదాన్నే మిగిలాక నీళ్ళు ఇంకా తక్కువ వాడాను. బిల్లు గురించి అనుకుంటారేమో, కాదు. కుళాయి తిప్పగానే అక్క కేక కోసం చెవి ఒగ్గేదాన్ని. ఆ కేక రాదు. నీళ్ళు అలా పోతూ ఉంటాయి, ఎవరూ కట్టెయ్ అనరు. దానికంటే తిప్పకపోవడమే నయమనిపించేది. గళ్ళ పజిళ్ళు నింపేవాళ్ళు లేరు కనక పేపరు మానేశాను. పాల ప్యాకెట్ ఒక్కదానికి ఎక్కువైపోయి పొడి డబ్బాకు మారాను. అక్కతో సాయంత్రాలు క్యాంపస్‌లో చెట్ల కింద నడిచి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని వచ్చేదాన్ని. అదీ మానేశాను. మొన్నటి ఎండల్లో మోకాలు వాచిపోయి గుమ్మమే దాటలేదు. పప్పూ బియ్యం ఉన్నాయి, జాడీలో ఆవకాయ ఉంది. ఒంటి ప్రాణానికి ఎంత కావాలి?

ఒక మధ్యాహ్నం గిన్నె తొలుద్దామని కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. బాత్రూంలోనూ అంతే. ట్యాంకు ఖాళీ అయిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల కొంచెం సంతోషమేసింది. కార్లు కడగండి నాయనా, కడగండి, తిక్క కుదిరింది అనుకున్నాను. ఇంకాసేపట్లో మెట్ల మీద గోల మొదలవుతుంది, వాచ్‌మన్‌ను తలా ఒక మాట అంటారు, అప్పుడు నేనూ బయటికి వెళ్ళి నాలుగు మాటలు వడ్డించవచ్చని కుర్చీలో కూర్చున్నాను. ఎంతసేపటికీ గోల లేదు. పై ఇంట్లో వాషింగ్ మెషిన్ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. కింద ఎవరో పైపుతో వాకిలి కడుగుతున్నారు. అప్పుడు అర్థమైంది, నీళ్ళు లేనిది నాకొక్కదానికేనని.

రెయిలింగు పట్టుకుని మెల్లగా కిందికి దిగాను. వాచ్‌మన్ నన్ను చూసి స్టూలు మీంచి దిగ్గున లేచాడు.

"మేడం! ఎప్పుడొచ్చిండ్రు?"

"ఎక్కణ్ణించి రావాలయ్యా? ఇంట్లోనే ఉన్నాను. నా కుళాయి రావట్లేదు."

అతని మొహం పాలిపోయింది. "అయ్యో... వాల్వ్ నేనే బంద్ చేసిన మేడం. పోయినసారి మూడో ఫ్లోరోళ్ళు నల్లా ఖుల్లా పెట్టి పోతే ఇల్లంత నిండింది గద. అప్పటిసంది ఎవరు లేని ఇండ్లది బంద్ చెయ్యమన్నడు సెక్రటరీ సారు. మీ మీటర్ చూస్తే తిరుగుతనే లేదు. పేపర్ లేదు, పాలు లేవు. ఊరికి పోయిండ్రనుకున్న."

"ఎప్పుడు ఆపావు?"

"ఐతారం... కాదు కాదు, ఇంకా ముందే."

మామూలుగా అయితే నా నోటికి జడుస్తారు అందరూ. ఆ రోజు వాల్వు తిప్పమని మాత్రం చెప్పి మెట్ల వైపు తిరిగాను. డ్రమ్ములో, బకెట్లలో నిల్వ ఉన్న నీళ్ళతోనే నాకు అన్ని రోజులూ గడిచిపోయాయి. నీళ్ళు ఆగిపోయిన సంగతి నాకే తెలియలేదు. మెట్లెక్కుతుంటే ఒకటే ఆలోచన. ఆ రోజుల్లో బాత్రూంలో జారి పడి ఉంటే? మీటరు తిరగడం లేదని ఇతను డాబా ఎక్కి, వాల్వు కట్టేసి, తన పని తాను చూసుకునేవాడు. ఇన్నేళ్ళ బతుకులో అంత భయం ఎన్నడూ వెయ్యలేదు.

ఇంట్లోకి వచ్చేసరికి పైన వాల్వు తిప్పినట్టున్నాడు. కుళాయి దగ్గి, ఎర్రటి నీళ్ళు కక్కి, తేరుకుంది. కట్టెయ్యలేదు. బాత్రూంలో బకెట్ పెట్టి పెద్ద కుళాయి తిప్పాను, షవర్ కూడా తిప్పాను. అరుచుకోవే అక్కా, వచ్చి అరుచుకో అనుకుంటూ అక్కడే నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

అప్పుడే బెల్ మోగింది. కళ్ళు తుడుచుకుని తలుపు తీశాను. ఎదురింటి కోడలు. ముషీరాబాద్ పిల్ల, క్యాంపస్‌లోనే పీహెచ్‌డీ చేస్తోంది. భుజాన ఇంకా బ్యాగు ఉంది.

"వచ్చిండ్రా ఆంటీ! నీళ్ళ చప్పుడు ఇనొస్తే బెల్ కొట్టిన. ఎవరన్న గిట్ల చెప్పకుండ పోతరా?"

నేనెక్కడికీ పోలేదమ్మా అనడానికి నోరు తెరిచాను. కానీ ఆ పిల్ల మొహం చూస్తే అనలేకపోయాను. నాకు వెళ్ళడానికి ఒక ఊరుందని, అక్కడ నా కోసం చూసేవాళ్ళున్నారని ఎంత తేలిగ్గా నమ్మేసింది!

"పొద్దున్నే దిగానమ్మా" అన్నాను.

"ఊర్ల అందరు మంచిగున్నరా?"

గుంటూరు పక్కన మా ఊళ్ళో ఇల్లు అమ్మేసి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు వెళితే ఎవరి తాలూకు అని అడుగుతారు.

"అందరూ బాగున్నారు. ఇంకో వారం ఉండమని ఒకటే గొడవ. నేనే వచ్చేశాను."

ఆ పిల్ల నవ్వి గుమ్మానికి చేరగిలబడింది. క్యాంపస్‌లో ఎండ ఎలా మాడ్చేస్తోందో, వాళ్ళ గైడు ఎన్నిసార్లు తిప్పించుకున్నాడో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి లోపలికి చెవి పెట్టింది.

"ఆంటీ, బకెట్ నిండి పోతున్నట్టున్నది."

"పోనీలేమ్మా, పొర్లనీ. నువ్వు చెప్పు" అన్నాను.