తమ్ముడి వయసు

మా చిన్నప్పుడు శ్రీకాకుళం ఉద్దానంలో పెరటి కొబ్బరి మొక్కని చూసి పిల్లల వయసు చెప్పేవారు... బిడ్డ పుట్టగానే ఒక మొక్క పాతేవారు కదా, ఇక పంచాంగంతో పనేముంది! మందస దగ్గర మా ఊళ్ళో నా చెట్టు అప్పటికే ఇంటి చూరు దాటింది. దాని పక్కనే తమ్ముడు అప్పన్న చెట్టు.

యాభైల దశకం రోజులవి. నాన్న ఊరి బడిలో మాస్టారు. తమ్ముడికి మూడేళ్ళు నిండినా నిలబడటం రాలేదు. ఎత్తుకుంటే తడిగుడ్డలా భుజాన వాలిపోయేవాడు. గట్టిగా ఏడిస్తే పెదాలు నేరేడుపండు తిన్నట్టు నల్లబడేవి. నవ్వితే మాత్రం కళ్ళు రెండూ మూసుకుపోయేవి...

ఒకరోజు పక్కింటి పారమ్మత్త చేటలో వడియాలు పట్టుకొచ్చి, తమ్ముడి చెట్టు కింద నిలబడింది.

"ఓలొదినా! ఈ సెట్టుకేటే ఇంత జోరు? గుంటడి బలమంతా ఇదే లాగీసినట్టుంది. ఇదేమో మీదకి పోతంది, ఈడేమో ఇంకా దేక్కుంతన్నాడు!" అని నవ్వింది.

అమ్మ కూడా నవ్వింది. వడియాలు తీసుకుంది.

మర్నాడు నాన్న బడికి వెళ్ళగానే అమ్మ కత్తి, గునపం తీసింది. మాది ఇసక నేల... మొదలు తొందరగానే ఒరిగింది. పెరడంతా పచ్చి మట్టలు. వాటి మధ్య కూర్చుని తమ్ముడు ఆకులు లాగుతూ ఒకటే కేరింతలు. ఆ గోతిలోనే అమ్మ రెండాకుల చిన్న మొక్క పెట్టింది.

సాయంత్రం నాన్న వచ్చి చూశారు.

"కొమ్ముపురుగు తినీసింది" అంది అమ్మ, ఆయన మొహం చూడకుండా.

నాన్న నూతి దగ్గరకెళ్ళి నీళ్ళు తోడి, ఆ కొత్త మొక్కకి పోశారు.

అప్పట్నుంచి తమ్ముడి వయసు రెండేళ్ళు తగ్గిపోయింది. చుట్టాలడిగినా, దారిన పోయేవాళ్ళడిగినా అమ్మ అదే లెక్క చెప్పేది. ఊళ్ళోవాళ్ళకి తెలియదా అంటే తెలుసు... మొక్క అంతే ఉంటే ఎవరు వాదిస్తారు? కొన్నాళ్ళకి నాకూ అదే నిజమనిపించింది. సిగ్గుతో ఆ పని చేసిందా, చెట్టు నిజంగానే బిడ్డ బలం లాగేస్తోందని భయపడిందా... ఇప్పుడు అప్పటి అమ్మ కంటే నేనే పెద్దదాన్ని, అయినా తేల్చుకోలేను.

మరుసటి ఏడు తమ్ముడికి మాటిమాటికీ జ్వరం, ఆయాసం. టెక్కలిలో ఎవరో కొత్త డాక్టరమ్మ వచ్చిందంటే అమ్మ వాణ్ణి ఎత్తుకుని, నన్ను తోడు తీసుకుని బస్సెక్కింది.

"ఎన్నేళ్ళు బాబుకి?" అడిగింది డాక్టరమ్మ.

"రెండు నిండినాయమ్మా."

"రెండేళ్ళకి నడవకపోతే కొంచెం ఆలస్యమే. కొందరు పిల్లలు అలాగే ఉంటారు. మందిస్తాను, ఆరు నెలల తర్వాత తీసుకురండి."

బయటికొచ్చాక అమ్మ మొహం చూడాలి! నాకు వేరుశనగ ఉండ కొనిపెట్టింది. తమ్ముడితో "ఇన్నావేట్రా, కొంచెం ఆలస్యమేనంట!" అంది. బస్సొచ్చింది. జనం ఎక్కుతున్నారు. అమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయింది.

"అమ్మీ, ఆర్నెల్లు పోయాక వచ్చి ఎన్నేళ్ళని సెప్పాలే?"

నేను వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఎక్కుతావేటమ్మా, నేదేటి?" అని అరిచాడు కండక్టరు. అమ్మ కాలు దించేసింది.

మళ్ళీ ఆసుపత్రి. డాక్టరమ్మ ముందు నిలబడి, "అమ్మా, అబద్దం ఆడీసినాను. ఈడికి నాలుగు నిండిపోనాయి" అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. తమ్ముణ్ణి మళ్ళీ బల్లమీద పడుకోబెట్టి, గుండె దగ్గర చాలాసేపు విన్నది. కళ్ళు చూసింది. అరచేయి విప్పి చూసింది.

"జాతకం సూత్తన్నారేటమ్మా?" అమ్మ గొంతులో ఆశ.

"జాతకం కాదమ్మా..." అని నెమ్మదిగా చెప్పింది. ఇది పుట్టుకతోనే వచ్చిందనీ, మీరు చేసిన తప్పేమీ లేదనీ, బుద్ధి నిదానంగా ఎదుగుతుందనీ. గుండెలో కూడా లోపముందని, విశాఖపట్నంలో పెద్ద డాక్టర్లకి చూపించమంది. దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పింది. అమ్మకి నోరు తిరగలేదు. చాలా ఏళ్ళ తర్వాత యూనివర్సిటీ లైబ్రరీలో ఆ పేరు కనిపిస్తే, ఆ పుస్తకం మూసి అక్కడే పెట్టేసి వచ్చేశాను.

"నడుత్తాడా అమ్మా?"

"నడుస్తాడు. ఆలస్యంగా."

"నన్ను అమ్మా అంతాడా?"

డాక్టరమ్మ తమ్ముణ్ణి బల్లమీంచి ఎత్తి అమ్మ చేతికిచ్చింది. "మీరు వాణ్ణి పిలుస్తూ ఉండండి" అంది.

తమ్ముడు నడిచాడు. గోడ పట్టుకుని, తర్వాత నా లంగా పట్టుకుని... అమ్మా అని కూడా అన్నాడు. మొదట మేకని, తర్వాత నన్ను, ఆఖరికి అమ్మని. విశాఖపట్నంలో కూడా ఆ గుండెకి చేయగలిగింది లేదన్నారు. ఒక వానాకాలంలో ఆగిపోయింది.

వయసు దాచకుండా ముందే డాక్టరుకి చూపించి ఉంటే? ఆ రోజుల్లో ఏమీ మారేది కాదని ఒక మనసు... ఏమో, మారేదేమోనని ఇంకో మనసు. అమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. తమ్ముణ్ణి తీసుకెళ్ళే ముందు మాత్రం ఎవరో అడిగారు, ఎన్నేళ్ళని. అమ్మ అసలు వయసు నెలలతో సహా చెప్పింది.

ఇప్పుడు తల్లులు బిడ్డ వయసు వారాల లెక్కన చెబుతారు. ఇలాంటి పిల్లలకి డాక్టర్లున్నారు, బడులున్నాయి. అయినా ఏ పెళ్ళిలోనో "బాబుకి ఎన్నేళ్ళండీ?" అని ఎవరైనా అంటే, జవాబుకి ముందు ఒక్క క్షణం ఆగే తల్లి కనిపిస్తుంది... అందుకే నేను ఎవరినీ వయసు అడగను. పేరు అడుగుతాను.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి చిన్నవాళ్ళు ఉండే ఉంటారు... వాళ్ళ పేరేమిటో చెప్పండి.