రెండూ ఎడమ పలకలే

"...ఆ తీగ ఎవరు తీశారని నేనడుగుతుంటే, కూర చల్లారిపోతుందంటావేంటి?"

"కూర చల్లారితే మళ్ళీ వేడి చేసుకోవచ్చు. వేలు తెగితే అతికించుకోలేం."

గోడకు అవతల దర్జీ కుట్టుమిషన్ ఆపాడు. ఒంటి ఇటుక గోడ అది. వడ్రంగి పనిగదిలో తుమ్మితే దర్జీ కొట్లో సూది జారుతుంది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాట పెరగడం చాలా అరుదు కనుక, చేతిలో ఉన్న కాలర్ అలాగే పట్టుకుని చెవి అటు పెట్టాడు.

రంపానికి కట్టిన తీగ తానే తీశానని ఆవిడ ఒప్పుకుంది. పట్టకారుతో తుంచి చెత్తలో పారేసిందట. మళ్ళీ కడితే మళ్ళీ తీస్తుందట. ఆ తర్వాత కంచాల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. దర్జీ మళ్ళీ మిషన్ తొక్కాడు.

మేస్త్రి అసలు పేరు వీధిలో చాలామందికి తెలియదు. అందరికీ ఆయన అరగీత మేస్త్రి. పెన్సిల్ గీత వెంట కోసేటప్పుడు గీతంతా పోకూడదు, అంతా మిగలనూ కూడదు. సగం పొట్టులో కలిసిపోవాలి, సగం పలక మీద బతకాలి. పనివాళ్ళకు ఆయన మొదట నేర్పేది ఇదే. "గీతని చంపావు కదరా" అన్నది ఆయన నోట్లో పెద్ద తిట్టు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. గీసిన చెయ్యే కోయాలి. పెన్సిల్‌ని ఒకడు వంచి పడతాడు, ఒకడు నిలబెట్టి పడతాడు. గీతకి ఏ పక్క కోయాలో గీసినవాడికి తెలిసినట్టు ఇంకొకడికి తెలియదని ఆయన నమ్మకం. ఒకసారి ఆయన టీకి వెళ్ళినప్పుడు, నమ్మకస్తుడైన పనివాడు ఆయన గీసిపెట్టిన కిటికీ చట్రాన్ని కోసేశాడు. కోత బాగానే వచ్చింది. చట్రం ఈ రోజుకీ ఎవరింట్లోనో గాలికీ వానకీ నిలబడే ఉంది. ఆ పనివాడిని మాత్రం మేస్త్రి సాయంత్రానికల్లా పనిలోంచి పంపించేశాడు. ఆవిడ అప్పుడు కొత్త కోడలు. గుమ్మం పక్కన నిలబడి అదంతా చూసింది. ఆనాటి నుంచి పలక రెండో కొస పట్టుకోమంటే పట్టుకుంది, గరుకు కాగితం రుద్దమంటే రుద్దింది, పాలిష్ పెట్టింది, పొట్టు ఊడ్చింది. రంపం జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

కిందటి వానాకాలంలో మేస్త్రికి ఎడమ పక్క పడిపోయింది. మాట త్వరగానే తిరిగొచ్చింది. కాలు కొంత సతాయించి దారికొచ్చింది. చెయ్యి అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది, అదీ చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చింది. లేవమంటే లేస్తుంది, తేలికైనవి పట్టుకుంటుంది, కానీ ఇంటి మనిషిలా చనువుగా ఏ పనిలోకీ దూరదు. చేతిరంపంతో కోయాలంటే పలకను ఎడమ చేత్తో అదిమి పట్టాలి. అదిమేవాడు. కాసేపటికి పలక కదిలేది, గీత చచ్చేది. చెక్కను ఓ పక్కన పెట్టేసి ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వీధిలో పోయేవాళ్ళు ఒంట్లో ఎలా ఉందని అడిగేవారు. బల్ల ఎప్పుడవుతుందని అడిగేవాళ్ళు లేకుండాపోయారు. ఆయన్ని కుంగదీసింది జబ్బు కాదు, అది.

ఆవిడ తమ్ముడు సరుకుల వ్యాన్ నడుపుతాడు. చూడడానికి వచ్చినవాడు ఒక పెట్టె తెచ్చాడు. అందులో మోటారుతో తిరిగే చిన్న గుండ్రంపం ఉంది. అరచేతికన్నా కాస్త పెద్ద బ్లేడు, ఒంటి చేత్తో లేపగలిగే బరువు. ఇది రంపమా, గడ్డం గీసే మిషనా అని మేస్త్రి ఎగతాళి చేశాడు. బావమరిది నొచ్చుకోలేదు. "గడ్డమైనా గీసుకో బావా, వాకిట్లో కుర్చీ మాత్రం తీసెయ్" అన్నాడు.

కుర్చీ లోపలికి వచ్చింది. ఆయన ఒక పీట చేశాడు, తాళాలు తగిలించుకునే పలక చేశాడు, మందుసీసాల కోసం చిన్న అర చేశాడు. కొత్త రంపం గుణం మెల్లగా తెలిసొచ్చింది. చేతిరంపం చెక్క అడుగున పేళ్ళు లేపుతుంది, అందుకని నునుపు ముఖం పైకి పెట్టి కోస్తారు. దీని పళ్ళు కింది నుంచి పైకి కొరుకుతాయి. మొదటి పీట అంచు ఎలుక కొట్టినట్టు లేచాక, నునుపు ముఖం కిందికి తిప్పి, వెనకవైపు గీయడం అలవాటు చేసుకున్నాడు.

అలవాటు కానిది ఒక్కటే, బ్లేడు మీది తొడుగు. బ్లేడు చెక్కలోకి దిగుతుంటే అది తనంతట తానే వెనక్కి జరుగుతుంది, కోత అయ్యాక మళ్ళీ వచ్చి మూసుకుంటుంది. మొదలుపెట్టేచోట గీత కనబడనివ్వడం లేదని ఆయన దాన్ని ఇనపతీగతో వెనక్కి కట్టేశాడు. ఆయనకు తెలిసిన వడ్రంగులంతా కట్టేస్తారు. మీట వదిలాక కూడా ఆ బ్లేడు కాసేపు బోసిగా తిరుగుతూ ఉండేది. పక్కనే పలక మీద ఆయన ఎడమ చెయ్యి. తిరిగే బ్లేడునూ ఆ చేతినీ చూస్తూ ఆవిడ చాలా రోజులు ఊరుకుంది. చివరికి పట్టకారు తీసుకుంది.

తీగ గొడవ జరిగిన ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక ఆవిడ పనిగదిలోకి వెళ్ళి, ఒక వృథా ముక్క బల్ల మీద పెట్టి, తనే ఒక గీత గీసి, రంపం చేతిలోకి తీసుకుంది. తొడుగు అడ్డం రాదని చూపించడానికే. మేస్త్రి గుమ్మంలోనే ఆగిపోయాడు. రంపం అరిచింది, పొట్టు లేచింది, ముక్క రెండయింది. తొడుగు టక్కున వచ్చి మూసుకుంది. ఆవిడ రంపాన్ని బల్ల మీద దించింది.

"చూశారా, దాని దారి అదే చూసుకుంటుంది" అంది.

ఆయన తీగ కట్టకుండానే పనికి కూర్చున్నాడు.

పని దర్జీది. దారపు ఉండలు పెట్టుకోవడానికి గోడకు తగిలించే అరల స్టాండు. అడుగున వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ ముందువైపు అంచు వాలుగా వెనక్కి పోవాలి. జబ్బు తర్వాత బయటివాళ్ళు నోరు తెరిచి అడిగిన మొదటి పని అది. వీధిలో సగం మంది ఆ కొట్లో కొలతలిచ్చేవాళ్ళే. స్టాండు గోడ మీద నిలబడితే మేస్త్రి మళ్ళీ పనిలో పడ్డాడని చెప్పుకుంటారు. లేకపోతే కుర్చీ మళ్ళీ వాకిట్లోకి పోతుంది. ఈ మాట ఆ ఇంట్లో ఇద్దరూ పైకి అనలేదు.

పక్క పలకలు రెండూ జతగా ఉండాలి. ఇలాంటి జతలు ఆయన ఇన్నేళ్ళుగా ఒక్క పద్ధతిలోనే కోశాడు. నునుపు ముఖాలు ఎదురెదురుగా కలిపి, రెండు పలకలనూ ఒక్క కోతలో తెగ్గొట్టేవాడు. విడదీస్తే ఒకటి కుడి, ఒకటి ఎడమ. ఆలోచించే పనే ఉండేది కాదు. ఈ చిన్న బ్లేడు రెండు పలకల లోతు అందుకోదు. విడివిడిగా కోయాల్సి వచ్చింది. మొదటి పలకను వెనకవైపు గీసి కోశాడు. చక్కగా వచ్చింది. దాన్ని తిరగెయ్యకుండా అలాగే రెండో పలక వెనక మీద పెట్టి, చుట్టూ పెన్సిల్ తిప్పి, కోశాడు. అది ఇంకా చక్కగా వచ్చింది. రెండిటి మీదా సగం గీత ప్రాణంతో ఉంది.

సాయంత్రం దర్జీ మెడలో టేపు వేసుకుని చూడ్డానికి వచ్చాడు. రెండు పలకలనూ నునుపు ముఖాలు బయటికి వచ్చేలా బల్ల మీద ఎదురెదురుగా నిలబెట్టాడు. ఒకదాని వాలు ముందుకు చూస్తోంది, రెండోదాని వాలు వెనక్కి చూస్తోంది. ఒకదాన్ని తిప్పాడు. వాలులు కలిశాయి, కానీ ఒక పలక మొరటు వెనకభాగం బయటికొచ్చింది. మళ్ళీ తిప్పాడు. మేస్త్రి వైపు చూశాడు.

రెండూ ఎడమ పలకలే.

దర్జీ నవ్వాడు, అందులో ఎత్తిపొడుపు లేదు. పెళ్ళికొడుకు కోటుకి రెండు ఎడమ చేతులు కత్తిరించిన చరిత్ర తనకూ ఉందన్నాడు. "ఆ పెళ్ళికొడుకుని అడిగాను మేస్త్రీ, కుడి చెయ్యి జేబులో పెట్టుకుని తాళి కడతావా అని" అన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. మేస్త్రి నవ్వలేదు. చెక్క ఇంకా ఉందని, రేపు ఇంకొకటి కోస్తానని అన్నాడు. తొందరేం లేదంటూ దర్జీ వెళ్ళిపోయాడు. తొందర లేదన్న మాట మేస్త్రికి ఎలా తగులుతుందో అతనికి తట్టలేదు.

రాత్రి భోజనం దగ్గర ఆయన ఎడమ చెయ్యి మంచినీళ్ళ గ్లాసు పక్కన బోర్లా పడి ఉంది. గ్లాసు నింపబోయి ఆవిడ ఆగింది. చూపుడువేలి పక్కన చర్మం కింద నల్లటి చార ఉంది. వేలు పట్టుకుని దీపం వెలుగులోకి తిప్పింది. చెక్కపేడు. అగ్గిపుల్లలో సగం ఉంటుంది, నిలువునా దిగి కూర్చుంది. ఏమైందని ఆయనే అడిగాడు. ఆవిడ వేలు ఆయన వైపు తిప్పి చూపించింది. ఆయన దాన్ని ఎవరి వేలో చూస్తున్నట్టు చూశాడు.

ఆవిడ పిన్నీసుతో చర్మం చీల్చి పేడును మెల్లగా బయటికి లాగింది. చిన్నప్పుడు పిల్లలకు ముల్లు తీసినట్టు ఊదుతూ తీసింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. రక్తపు చుక్క పైకొచ్చాక మాత్రం చూపు తిప్పుకున్నాడు.

"నొప్పి పుట్టలేదా?"

"లేదు."

"గుచ్చుకున్నప్పుడు?"

"అప్పుడూ తెలీలేదు."

"ఎప్పటినుంచి ఇలాగ?"

ఆయన కంచంలో మెతుకులు ఒక పక్కకు చేర్చాడు. "మొదటినుంచీ" అన్నాడు. "చెయ్యి లేచిందిగాని, ఏదీ చెప్పదు. కంటితో చూస్తే తప్ప ఎక్కడుందో నాకు తెలీదు."

ఆవిడ గిన్నెలు సర్ది తమ్ముడికి ఫోన్ చేసింది. పొద్దున్న వ్యాన్ అటు తెచ్చి రంపం తీసుకుపొమ్మంది. బావకి ఇష్టమేనా అని వాడు అడిగినట్టున్నాడు. ఇష్టాయిష్టాలు తర్వాత, ముందు వేళ్ళు అంది. పక్కగదిలో ఉన్న మేస్త్రికి ప్రతి మాటా వినబడింది. ఆయన లేచి రాలేదు.

కొంతసేపటికి పనిగదిలో దీపం వెలిగింది. ఆవిడ తలుపు సందులోంచి చూసింది. రంపం పెట్టెలోనే ఉంది. ఆయన చెత్తబుట్ట పక్కన పడి ఉన్న, మధ్యాహ్నం ఆవిడ కోసిన ముక్కను తీసి, దాని అంచు వెంట కుడి బొటనవేలు నడిపిస్తున్నాడు. గీత సగం కాదు, మొత్తం మిగిలిపోయింది. భయపడే చెయ్యి గీతకు ఎడంగా కోస్తుంది. కానీ ఆ ఎడం మొదటి నుంచి చివరిదాకా ఒక్కలాగే ఉంది. ఆయన ముక్కను దీపానికి ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. తిప్పి ఇంకోసారి చూశాడు.

పొద్దున్న ఆవిడ లేచేసరికి బల్ల మీద కొత్త పలక సిద్ధంగా ఉంది. నునుపు ముఖం కిందికి, వెనక ముఖం పైకి. ఈసారి పాత పలకను తిరగేసి గీశాడు. గీత సన్నగా, తిన్నగా ఉంది. పనికిరాని పక్కన గీతకు ఆనుకుని అడ్డగీతలు కొట్టి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆయన పలక మీద అలాంటి గుర్తులు ఆవిడ చూడలేదు. తన గీతకు తను గుర్తు పెట్టుకోవలసిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

ఆయన అటకమీంచి పలకను బల్లకు బిగించే పాత క్లాంపులు దింపమన్నాడు. చేతిలో సత్తువ లేనివాడికే క్లాంపులని ఆయన అనే మాట ఆవిడకు గుర్తుంది. అయినా దింపింది. తిన్నని బద్దె ఒకటి గీతకు సమాంతరంగా పెట్టి, ఎంత బిగించాలో చెప్పాడు. రంపం అడుగున ఉండే రేకు పాదం బద్దెకు ఆనుకుని పోతే తోవ తప్పదన్నాడు. ఆవిడ రెండు కొసలా మరలు తిప్పింది. ఆయన పలకను కుడి చేత్తో కుదిపి చూశాడు. కదల్లేదు.

వీధిలో వ్యాన్ హారన్ మోగింది. తమ్ముడు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. బావ ముఖంలోకి చూడలేక గోడల మీది పనిముట్లు చూస్తూ నిలబడ్డాడు. పక్క కొట్లో షట్టర్ సగం లేచి ఆగింది. ఆవిడ పెట్టెను తమ్ముడి వైపు జరిపింది. వాడు వంగి పిడి పట్టుకున్నాడు.

"కింద పెట్టు" అన్నాడు మేస్త్రి.

"అక్కే రమ్మంది బావా."

"విన్నాను." ఆయన పెట్టె మూత తెరిచి రంపం కుడి చేత్తో బయటికి తీశాడు. తొడుగును వేలితో వెనక్కి తోసి వదిలాడు. అది టక్కున వచ్చి మూసుకుంది. రంపాన్ని ఆవిడ ముందు, పలక పక్కన పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఇకనుంచి గీసేది నేను" అన్నాడు బావమరిదితో. "కోసేది మీ అక్క."