సందల్ కుడి తొడ

ఢిల్లీలో సిరి కోట కింద రౌతులు కాపురముండే వాడలో ఇల్యాస్ అని ఒకడుండేవాడు. పేరు మోసిన వీరుడేమీ కాదు. తండ్రి జీనులు కుట్టి బతికినవాడు. భార్య హాజిరా, సందల్ అనే చందనపు రంగు ఆడగుర్రం, సుల్తాను సైన్యంలో రౌతుగా ఒక చోటు, ఇవి తప్ప తనదని చెప్పుకోవడానికి అతనికి ఏమీ లేదు. ఒక్క వానాకాలంలో అందులో రెండు పోయాయి.

పూర్వం సైన్యాన్ని లెక్కచూసే రోజు తిరనాళ్లలా ఉండేది. గుర్రం లేనివాడు చాకలివాడి తట్టువ గుర్రాన్ని అడిగి తెచ్చుకుని వరసలో నిలబడేవాడు. పొద్దున ఒకడికి జీతం తెచ్చిన గుర్రమే మధ్యాహ్నం ఇంకొకడికీ తెచ్చేది. సుల్తాను ఆ ఆట కట్టించాడు. ధాన్యానికీ గుర్రాలకీ దివాణమే ధర కట్టింది. రౌతులకు భూములు మాన్పించి జీతం రొక్కంగా ఇప్పించింది. ప్రతి గుర్రానికీ కుడి తొడ మీద వాత పెట్టించింది. వాత ఉన్న గుర్రం చస్తే, ఆ మేరకు తోలు కోసి ఉప్పు రాసి దివాణంలో చూపించాలి. చూపిస్తే ఇంకో గుర్రం ఇస్తారు. చూపించకపోతే దొంగచాటుగా అమ్ముకున్నట్టే లెక్క. రౌతులు దీనికి త్వరగానే అలవాటుపడ్డారు. గుర్రం పడిపోగానే తోళ్లవాళ్లకు కబురు పెట్టేవారు.

సందల్ కడుపుశూలతో రాత్రంతా కొట్టుకుని తెల్లారగట్ల ప్రాణం విడిచింది. పక్కింటి రౌతు సుంకుర్ వచ్చి చూసి తలపాగా సర్దుకున్నాడు.

"తోళ్లవాణ్ణి పిలుచుకురానా, భాయ్?"

"వద్దు."

"నువ్వే కోస్తావా?"

"ఎవరూ కొయ్యరు."

సరిహద్దులో మంగోలులతో పోరు జరిగినప్పుడు ఇల్యాస్ కుడి డొక్కలో ఈటె దిగింది. కళ్లెం పట్టే ఓపిక కూడా లేక గుర్రం మెడ మీద వాలిపోతే, అతను జారిపోకుండా అడుగులో అడుగు వేసుకుంటూ గుడారాల దాకా మోసుకొచ్చింది సందల్. పుట్టిన పిల్లలెవరూ దక్కని ఆ ఇంట్లో హాజిరా కాల్చిన రొట్టెలో తొలి ముక్క దానిదే.

బండి మీద యమున ఒడ్డుకు చేర్చి గొయ్యి తీశారు. మనిషిని పడుకోబెట్టినట్టే దాన్ని కుడి పక్కకు తిప్పి, మొహం పడమటికి ఉంచాడు ఇల్యాస్.

"నమాజు కూడా చదివిస్తావా ఏమిటి?" అన్నాడు సుంకుర్.

"నోరు ముయ్యి."

"నా నోటికేం గానీ, ఇలా పాతిపెట్టి దివాణంలో ఏం చూపిస్తావు?"

"ఇన్నేళ్ల కొలువు. నా మాట నమ్మరా?"

మర్నాడు కళ్లెం తీసుకుని, సుంకుర్‌ని సాక్ష్యానికి వెంటబెట్టుకుని దివాణానికి వెళ్లాడు. గుమాస్తా కళ్లెం వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"కళ్లేలు అంగట్లో దొరుకుతాయి, మియా. తోలు ఏదీ?"

"పాతిపెట్టాను, హుజూర్. ఇతను చూశాడు."

"ఇతను నీ పొరుగువాడు. రేపు ఇతని గుర్రం పోతే నువ్వు చూశానంటావు. మునుపు అందరూ చేసిందీ అదేగా."

"అమ్ముకున్నానంటారా?"

"నేనేమీ అనను. తోలు చూడకుండా రాశానని తెలిస్తే నా వేళ్లు నాకు మిగలవు. నెలపొడుపు లోపల పట్టుకురా. లేకపోతే నీ పేరు తీసేస్తాను."

ఇల్లు చేరి సంగతి చెప్పాడు. హాజిరా పిండి కలుపుతున్న చెయ్యి ఆపలేదు.

"చచ్చినదానికి నొప్పి ఉండదండీ. ఉండేదల్లా మనకే."

"దాని మీద కత్తి పెట్టమంటావా?"

"నేను మాత్రం ఏడవడం లేదూ? మీకు కొలువు పోతే ఈ ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి. ఎక్కడికెళ్దాం, చెప్పండి."

రేపు వెళ్లి తవ్వుతానన్నాడు. ఆ రేపు వాన పట్టింది. తగ్గాక వెళ్తానన్నాడు. వాన తగ్గినా అరుగు మీదే కూర్చున్నాడు. నెలపొడుపు ముందురోజు హాజిరా పార తెచ్చి అతని పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఇల్యాస్ పార అందుకుని యమున ఒడ్డుకు బయల్దేరాడు. సుంకుర్ కూడా వెళ్లాడు. తడిమట్టి తేలిగ్గానే లేచింది. ముందు మెడ కనిపించింది, తర్వాత ఎడమ డొక్క. వాత నేలకు ఆనిన పక్కన ఉంది. సుంకుర్ హాస్యమేమీ ఆడలేదు. మొహానికి గుడ్డ కట్టుకుని తాళ్లు వేశాడు. ఇద్దరూ గుంజి గుంజి దాన్ని తిప్పారు. ఇన్నాళ్లూ బురదలో నానిన పక్క అది. చెయ్యి వేస్తే వెంట్రుకలతో సహా పైతోలు ఊడివచ్చింది.

"ఇటివ్వు కత్తి, నేను కోస్తాను," అన్నాడు సుంకుర్.

"వద్దు," అని ఇల్యాసే కోశాడు.

దివాణంలో గుమాస్తా ఆ ముక్కను వెలుతురుకు తిప్పి చూశాడు. గుడ్డతో అద్ది మళ్లీ చూశాడు.

"ఇందులో వాత నీకు కనబడుతోందా?"

"కనబడుతోంది, హుజూర్. ఇదిగో, ఇక్కడ."

పక్క గుమాస్తాలకు చూపించాడు. వాతలాగే ఉందన్నాడు ఒకడు. బండి కాడి ఒరుసుకున్న పుండన్నాడు ఇంకొకడు. గుమాస్తా కలం అందుకున్నాడు.

"అమ్ముకున్నావని రాయడం లేదు. రాస్తే శిక్ష పడుతుంది. పేరు మటుకు తీసేస్తున్నాను. ఇంతకంటే నా చేతిలో లేదు, మియా."

గుమ్మంలోనే హాజిరా అతని మొహం చూసింది.

"ఏమన్నారు?"

"కనబడలేదన్నారు."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"అయితే దాన్ని ఊరికే కోయించాను మీచేత."

"నువ్వు చెప్పిన రోజే వెళ్లుంటే కనబడేది. నేనే కూర్చున్నాను."

ఆమె తలెత్తి అడిగింది, "ఆ ముక్క ఏం చేశారు?"

"మళ్లీ దాని దగ్గరే పెట్టి వచ్చాను."

జీను సుంకుర్ కొనుక్కున్నాడు. అడిగిన ధర మారుమాట లేకుండా ఇచ్చాడు. ఇల్లు వదిలి ధాన్యపు మండీ వెనక ఒక గదిలోకి మారారు. ఇల్యాస్ మండీలో బస్తాలు మోసే పనికి కుదిరాడు. పాత ఈటె దెబ్బ వల్ల ఎడమ భుజం మీదే మోసేవాడు.

చలికాలం మొదట్లో సైన్యం దక్షిణాన ఓరుగల్లు మీదికి బయల్దేరింది. ఇల్యాస్ పాత దళం వాళ్ల సందు మీదుగానే పోయింది. వాడంతా వాకిళ్లలో నిలబడి చూసింది. హాజిరా మాత్రం తలుపు దగ్గరగా వేసి, అతని ముందు రొట్టె పెట్టి, ఎదురుగా కూర్చుంది. గిట్టల చప్పుడు దూరమయ్యేదాకా ఇద్దరూ దాన్ని ముట్టుకోలేదు. తర్వాత అతను లేచి, గోనెపట్టా భుజాన వేసుకుని మండీకి వెళ్లాడు.